మాచునూరులో సంఘం రేడియో

జహీరాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. చెరకు తోటలు దాటి ఎర్రనేలలోకి వచ్చాక మాచునూరు. సంఘం రేడియో, 90.4 ఎఫ్ఎం, ఉన్నది ఈ ఊళ్లోనే. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన ఊరి మహిళా సంఘాల్లోని దళిత మహిళలు నడుపుతున్న కమ్యూనిటీ రేడియో, అంటే స్థానికులే తమ కోసం నడుపుకునే స్టేషన్ ఇది.

మేం వెళ్లేసరికి ఒక పెద్దమ్మ కొర్రలు విత్తేటప్పటి పాట పాడుతోంది. మైకు ముందు ఆమెకు ఏ టెన్షనూ లేదు. మధ్యలో దగ్గొస్తే ఆగి, నీళ్లు తాగి, మళ్లీ అందుకుంది. కంప్యూటర్ దగ్గరున్న అక్క ఆ దగ్గు ముక్క తీసేసి, పాట అతికించింది. విత్తనాలు, పశువుల జబ్బులు, పాతకాలం వంటలు, అన్నీ ఇక్కడి యాసలోనే. నాకు కొన్ని మాటలు రెండోసారి వింటేగానీ అర్థం కాలేదు.

స్టూడియో యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే తయారైంది. ప్రసారం మొదలైంది మాత్రం 2008 అక్టోబర్ 15న. "అన్నేళ్లు ఏం చేశారక్కా?" అని అడిగా.

"క్యాసెట్లల్ల నింపుకొని సంఘం మీటింగులల్ల ఇనిపిస్తుంటిమి."

రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2002లో కమ్యూనిటీ రేడియోకి ప్రభుత్వం తలుపు తీసినా విద్యాసంస్థలకే. ఇలాంటి స్వచ్ఛంద సంస్థలకు అవకాశం దొరికింది 2006లో. పేదవాళ్ల రేడియోకి సాయం అనగానే డబ్బు లెక్కలే చెబుతారు గానీ, ఇక్కడ డబ్బొచ్చినా అనుమతే రాలేదు. ఇప్పటికీ సొంతంగా వార్తలు చెప్పే వీల్లేదు, ఆకాశవాణి వార్తలు వేసుకోవచ్చంతే. వాన కబురు చెప్పొచ్చు, పంచాయతీలో ఏం జరిగిందో చెప్పకూడదు! నాకైతే ఇది మరీ అన్యాయమనిపించింది.

ఇక ఖర్చుల సంగతి. కమ్యూనిటీ రేడియోలో ప్రకటనలకు అనుమతించే సమయాన్ని 2024లో గంటకు 7 నిమిషాల నుంచి 12కి పెంచారు. మంచిదే. కానీ చిన్న ట్రాన్స్‌మిటర్, చుట్టుపక్కల పల్లెలే దాని లోకం. ఇక్కడ ప్రకటనలిచ్చేదెవరు? పురుగుమందుల వాళ్లు, సంకర విత్తనాల వాళ్లు ముందుకొస్తారేమో అన్నాను.

అక్క నవ్వింది. "గదెట్ల ఏస్తం సారూ? ఇంటి ఇత్తనమే దాసుకోండ్రి, మందులు కొట్టకుండ్రి అని రోజూ మేమే చెప్తుంటిమి. నడిమిట్ల మందు డబ్బా పాట ఏస్తే ఇనేటోళ్లు ఊకుంటరా?"

రాత్రి ఏడుకి ప్రసారం. ఆమె ఆ పనిలో పడింది, మేం ఆటో వెతుక్కున్నాం.