కిడ్నీ ఇస్తేనే ప్రేమా?

మన దేశంలో మనుషుల మధ్య ఉండే అభిమానం గురించి మాట్లాడే చట్టం ఒకటుంది. అది అవయవ మార్పిడి చట్టం. పార్లమెంటు 1994లో చేసింది. మన రాష్ట్రం ఆ మరుసటి ఏడాది దాదాపు అదే పద్ధతిలో సొంత చట్టం చేసుకుంది. బతికున్న మనిషి తన కిడ్నీని ఎవరికి ఇవ్వొచ్చో అందులో రాసి ఉంటుంది. అమ్మ, నాన్న, పిల్లలు, తోడబుట్టినవాళ్లు, భార్య, భర్త లాంటివాళ్లు దగ్గరి బంధువులు. వీళ్లయితే బంధుత్వం రుజువు చేసుకుంటే దాదాపు సరిపోతుంది. వీళ్లు కానివాళ్లు ఎవరైనా ఇస్తామంటే, రోగి మీద ఉన్న అభిమానం కొద్దీ, అనుబంధం కొద్దీ ఇస్తున్నామని ఒక కమిటీని ఒప్పించాలి. మేనమామ కూడా ఆ కమిటీ ముందుకి రావలసినవాడే. మేనమామ ఒడిలో కూర్చోబెట్టకుండా మన ఇళ్లలో పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయరు. చట్టం లెక్కలో మాత్రం ఆయన బయటివాడే.

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని. ఆ ఫైళ్లు కట్టించేది నేనే. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, అందరూ కలిసి దిగిన ఫొటో. "పెళ్లి ఫొటో తెండమ్మా" అంటే గోడ మీది పటాన్ని ఫ్రేముతో సహా దింపి, పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చినావిడ ఉంది. ప్రేమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు పుస్తకాలేవీ గుర్తుకు రావు. ఆ టేబులు, ఎదురుగా రెండు కుర్చీలు, వాటిలో కూర్చుని వెళ్లిన మనుషులే గుర్తుకొస్తారు. ఇక్కడ రాసేవాళ్లను ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ పేర్లు మీరు పేపర్లో చదివే ఉంటారు. నాదీ సోంపేట వైపే. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పెరిగాను. అంత పచ్చటి నేలలో కిడ్నీ జబ్బు ఇంతలా ఎందుకుందో ఏళ్లుగా పరిశోధిస్తూనే ఉన్నారు, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాక డయాలసిస్ కోసం దూరాలు తిరిగే బాధ కొంత తగ్గింది. అయితే ఆ ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. తమ్ముడికి ఇస్తానని అన్న వస్తాడు. టెస్టులు చేస్తే అన్న క్రియాటినిన్ కూడా ఎక్కువే ఉంటుంది, అంటే అతని కిడ్నీలూ సరిగా పని చేయడం లేదన్నమాట. ఇవ్వడానికి వచ్చిన మనిషికి అతని జబ్బు గురించి చెప్పి పంపవలసిన రోజులు నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైనవి.

ఒక పెద్దమ్మ సంగతి చెబుతాను. కొడుక్కి ముప్పై దాటాయి, వారానికి మూడు డయాలసిస్‌లు. ఒక్కోటి నాలుగు గంటలు. "నానిచ్చెత్తానమ్మా, నాకేటవుద్ది?" అని ఆవిడ మొదటి రోజే అనేసింది. కొడుకు ఒప్పుకోలేదు. అమ్మని కోయించి నేను బతకలేను అన్నాడు. ఇద్దరూ నా ముందే కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మాట్లాడేవాళ్లు, నాతో చెబుతున్నట్టు. అతను నెలల తరబడి అదే పట్టు మీదున్నాడు. ఆవిడ మాత్రం కొడుక్కి చెప్పకుండా తెల్లవారుజామున రైలెక్కి వచ్చి ఒక్కో టెస్టూ చేయించుకుని వెళ్లిపోయేది. చివరికి అన్ని రిపోర్టులూ బాగున్నాయని డాక్టరుగారు అతనికి చూపించాక మెత్తబడ్డాడు.

మార్పిడి చేసిన కిడ్నీని పాతవాటి చోట పెట్టరు. పాతవి సాధారణంగా అక్కడే ఉంటాయి, కొత్తది ముందువైపు పొత్తికడుపులో పెడతారు. ఆపరేషన్ అయ్యాక డాక్టర్లు, నర్సులు, అందరి కళ్లూ మూత్రం సంచీ మీదే. అది నిండుతుంటే కొత్త కిడ్నీ పని మొదలుపెట్టినట్టు. మర్నాడు నేను వార్డులోకి వెళ్తే ఆ పెద్దమ్మ లేవలేని స్థితిలో పడుకునే అడిగింది: "ఎంత పోసేడమ్మా?" లీటర్లలో చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. పక్క మంచం ఆవిడకి వినిపించేలా ఇంకోసారి చెప్పించుకుంది. పిల్లాడు మొదటిసారి పాలు తాగినప్పుడు బాలింత ముఖంలో కనిపించే వెలుగే అప్పుడు ఆవిడ ముఖంలో చూశాను.

ఇలాంటివి రాస్తే అందరికీ నచ్చుతాయని తెలుసు. అందుకే రెండో వైపు కూడా రాయాలి. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. మా బీరువాలోని ఫైళ్లూ అదే చెబుతాయి. తల్లి, భార్య, అక్క. భర్త జబ్బు పడితే భార్య బ్లడ్ గ్రూపు ఏమిటని మొదటి రోజే అడుగుతారు. భార్య జబ్బు పడితే ఆవిడ పుట్టింటికి ఫోన్ వెళుతుంది. "ఆయన సంపాదించేవాడు కదా, ఏమైనా అయితే ఇల్లు గడవద్దూ" అంటారు. ఆవిడ పొద్దున్న నాలుగింటికి లేచి చేసే పనంతా సంపాదన కింద రాదు. భార్యకి కిడ్నీ ఇచ్చిన భర్తలూ ఉన్నారు, వాళ్లంటే నాకెంతో గౌరవం. కానీ వాళ్లను ఊరంతా దేవుడని పొగుడుతుంది. అదే పని చేసిన భార్యను ఎవరూ ఏమీ అనరు, చేయవలసిందే చేసిందన్నట్టు ఊరుకుంటారు. ఇది నాకు కోపం తెప్పిస్తుంది.

ఇచ్చేవాళ్లతో నేను విడిగా మాట్లాడతాను. అత్తగారు, ఆడపడుచు, భర్త, ఎవరూ ఆ గదిలో ఉండకూడదు. ఒకసారి పలాస వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. బయట అందరి ముందూ "మా ఆయనకి నేనే ఇస్తాను" అంది. లోపల కూర్చున్నాక ఫారం వంక చాలాసేపు చూసి, "సంతకం ఎట్టకపోతే ఏటవుద్ది మేడమ్?" అని అడిగింది.

ఏమీ అవదని చెప్పాను. ఎవరూ బలవంతం చేయలేరని, చట్టం ఒప్పుకోదని చెప్పాను. అప్పుడు నోరు విప్పింది. వాళ్ల నాన్నా ఈ జబ్బుతోనే పోయాడట. రేపు తనకీ వస్తే, ఒక్క కిడ్నీతో ఉంటే, పిల్లలు ఎవరి గుమ్మం పట్టుకుంటారని భయం. భర్తంటే ఇష్టం లేక కాదు. ఆ మాట తనే పదేపదే అంది, నేను నమ్మనేమోనని.

ఇలాంటప్పుడు డాక్టర్లు ఇంట్లోవాళ్లకి ఒక్క మాటే చెబుతారు: "ఈమె దగ్గర తీసుకోవడం కుదరదు." అంతకుమించి వివరం ఇవ్వరు. అది అబద్ధం కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఒక మనిషి కాదనలేని చోట ఆమె తరఫున మేం కాదన్నాం, అంతే. ఈ విషయంలో నాకు ఇప్పటికీ ఏ సందేహమూ లేదు.

ఆ అమ్మాయి కథ అక్కడ ఆగి ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు. ఆమె భర్త డయాలసిస్ మీదే ఉన్నాడు. ఆ జీవితం ఎలా ఉంటుందో దగ్గరగా చూడనివాళ్లకి తెలియదు. తాగే నీళ్లకి లెక్క. అతనికి రోజుకి ముప్పావు లీటరు, అందులోనే టీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్లు, చారు. ఉప్పు తగ్గించాలి కాబట్టి ఆవకాయ లేదు, ఎండుచేప లేదు. పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం, కాబట్టి కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి, నానబెట్టి, ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి. కొబ్బరినీళ్లు అసలే వద్దు. ఎవరొచ్చినా బోండాం కొట్టి చేతికిచ్చే ఊళ్లో ఇంటాయనకే బోండాం ఇవ్వకూడదు.

ఒకరోజు అతను లోపల మెషీన్ మీద ఉండగా పెద్దపాప నా పక్కన బెంచీ మీద కూర్చుంది. చేతిలో నీళ్ల సీసా. దాని మీద బాల్ పెన్నుతో గీతలు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఎక్కడిదాకా తాగొచ్చో వాళ్లమ్మే గీసిందట. "అమ్మ ఇంట్లో నీళ్లు తాగదు ఆంటీ" అంది. ఎందుకన్నాను. నాన్న చూస్తే ఆయనకి దాహం వేస్తుందని పెరట్లో బోరింగ్ దగ్గరికి వెళ్లి తాగి వస్తుందట. ఎండాకాలంలో కూడా. పిల్లలకీ అదే అలవాటు చేసింది. ఇంట్లో పచ్చడి జాడీ తీసేసింది. పిల్లలు ఆవకాయ కావాలంటే పక్కింట్లో తిని రావాలి.

ఆవిడ కిడ్నీ ఇవ్వలేదని వాళ్ల బంధువుల్లో ఎవరికైనా తెలిస్తే ఏమంటారో నాకు తెలుసు. ఆ సీసా మీది గీతల్ని మాత్రం ఏ కమిటీ అడగదు, ఏ ఫైల్లోనూ పెట్టడానికి చోటుండదు.

ఇక ఇద్దరు స్నేహితుల సంగతి. తీరప్రాంతం కుర్రాళ్లు, ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డారు. మన శ్రీకాకుళం మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లో వేరావల్ వెళ్లి బోట్ల మీద పని చేస్తారు. వీళ్లూ ఒకే బోటు మీద ఏళ్ల తరబడి పని చేశారు. ఒకడికి కిడ్నీలు పాడయ్యాయి, రెండోవాడు ఇస్తానని వచ్చాడు. దగ్గరి బంధువు కాదు కాబట్టి నిబంధనల ప్రకారం చాలా చూస్తారు. ఇద్దరికీ సంబంధం ఏమిటి, ఎందుకిస్తున్నాడు, డబ్బు చేతులు మారిందా, మధ్యలో బ్రోకరు ఉన్నాడా, మూడేళ్ల ఆదాయమెంత. వాటితో పాటు ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫొటోలు అడుగుతారు. కిడ్నీల వ్యాపారం జరిగిన దేశం మనది, పేదవాడి ఒంటికి ధర కట్టినవాళ్లు చాలామంది. ఆ ప్రశ్నలన్నీ అవసరమే, వాటిని నేను తప్పుపట్టను.

కానీ వీళ్ల దగ్గర ఫొటో లేదు. చేతిలో ఫోన్లు లేని కాలపు స్నేహం అది. ఎంత వెతికినా ఊరి గంగమ్మ జాతరలో ఎవరో తీసిన ఫొటో ఒక్కటి దొరికింది. అందులో ఒకడి ముఖం సగమే ఉంది. "ఎందుకిస్తున్నావు?" అని కమిటీలో అడిగితే "ఆడు నా సావాసగాడు సార్" అన్నాడు. ఇంకా చెప్పమంటే, చెప్పాను కదా అన్నట్టు చూశాడు. ఇచ్చేవాడి భార్యనీ పిలిచి అడుగుతారు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది: "నాకిష్టం లేదు సార్. కానీ ఆపను. ఆపితే ఈ మనిషి నాకు మిగలడు."

మరిన్ని కాగితాలు తెమ్మన్నారు. ఊరి పెద్దలు వచ్చి చెప్పారు. రెండోసారి కూర్చున్నప్పుడు అనుమతి వచ్చింది. ఆ భార్య ఆపరేషన్ రోజు ఇద్దరి మంచాల దగ్గరికీ తిరుగుతూనే ఉంది. ఇష్టం లేదని అంత మందిలో చెప్పగలిగిన మనిషి, ఆ తర్వాత ఒక్క మాట కూడా దెప్పలేదు. నాకు ఆ ఇద్దరి స్నేహం కంటే ఈవిడ చేసిందే పెద్దదనిపిస్తుంది.

ముఖం చూడకుండా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి అవయవాలను ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా ఇస్తే, అవి ఎవరికి వెళ్లాయో ఆ కుటుంబానికి చెప్పరు. తలుపు బయట ఏడుస్తున్న తండ్రిని ఆ మాట అడగాల్సింది మేమే. ఔనన్న తండ్రుల ముందు నాకు మాట రాదు. వాళ్ల గురించి ఇక్కడ ఎక్కువ రాయలేను.

ఈ మధ్య ఒక రాత్రి అన్నం తింటుండగా మా ఆయన అడిగారు, "నాకు అవసరమైతే ఇస్తావా?" అని. "ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "రోజూ అందరికీ అదే కదా చెబుతావు, ఆలోచించుకో" అని పెరుగు వడ్డించారు. పెళ్లయిన కొత్తలో అయితే ఇద్దరం ఇలా మాట్లాడుకోగలిగేవాళ్లం కాదు. ఇలా మాట్లాడుకోగలగడమే నాకు ఈ పెళ్లిలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చోవలసి వస్తే, నాతో విడిగా మాట్లాడండి అని మీరే అడగండి. సంతకం పెట్టాక కూడా, థియేటర్‌లోకి తీసుకెళ్లేముందు వరకూ మనసు మార్చుకోవచ్చు. ఇచ్చేవాళ్లయితే, ఇచ్చాక చెకప్‌లు మానకండి. పుచ్చుకున్నవాళ్లు టైముకి వస్తారు, ఇచ్చినవాళ్లు మాకేం బాగానే ఉన్నామని మానేస్తారు. పోయిన వారం ఆ పెద్దమ్మకి ఫోన్ చేశాను, బీపీ చూపించుకుని రక్తపరీక్ష చేయించుకోవాలని. జీడి కోతలయ్యాక వస్తానంది. ఫోన్ కొడుక్కి ఇమ్మని, ఈ నెలలోనే తీసుకురమ్మని చెప్పాను.