కోపంగా చూసే పన

1992 ఆగస్టులో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, విచిటా విమానాశ్రయంలో దిగినప్పుడు నన్ను తీసుకువెళ్లడానికి వచ్చిన సీనియరు ఒక పసుపు రంగు బనియను తొడుక్కుని ఉన్నాడు. దాని మీద బొమ్మను ఎగాదిగా చూశాను. తల నిండా కంకులు, కింద కాళ్లూ చేతులూ, కనుబొమలు ముడిచిన ముఖం. ఎవరి మీదో మహా కోపంగా ఉంది. అదే మన విచిటా స్టేట్ యూనివర్సిటీ గుర్తు అని చెప్పాడాయన. మా జట్ల పేరు షాకర్స్ అని కాగితాల్లో ముందే చదివాను గానీ, కరెంటు షాకు తాలూకు సంగతేదో అనుకున్నాను.

కాదు. కోసి కట్టలు కట్టిన గోధుమ పనలను చేలోనే ఒకదానికొకటి ఆన్చి, కంకులు పైకి ఉండేలా నిలబెట్టి ఆరబెట్టిన కుప్పను ఇంగ్లీషులో షాక్ అంటారట. ఆ పని చేసేవాడు షాకర్. మా యూనివర్సిటీ ఫెయిర్‌మౌంట్ కాలేజీగా ఉన్న రోజుల్లో కుర్రాళ్లు వేసవిలో కోతలకు వెళ్లి ఫీజులకు సంపాదించుకునేవారు. 1904లో ఫుట్‌బాల్ జట్టు మేనేజరు ఒక ఆట పోస్టరు మీద ‘వీట్‌షాకర్స్’ అని రాయించాడు. ఆ పేరే నిలిచిపోయింది. 1948లో విల్బర్ ఎల్సీ అనే విద్యార్థి దానికి ముఖం గీశాడు. వూషాక్ అని పేరు పెట్టారు.

నాకు కలిగిన అవమానం అంతా ఇంతా కాదు. మాది కృష్ణా డెల్టా. పదో తరగతి దాకా ఓదెలు ఆరాక పనలు కట్టే చోట నిలబడి ఒళ్లంతా దురద పెట్టించుకున్నవాణ్ణి. ‘ఈ పని నీకెందుకురా, చదువుకో’ అని మా నాన్న చేను మీద అప్పు తెచ్చి ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదవమని పంపితే, అన్ని సముద్రాలు దాటి వచ్చిన నాకు అక్కడ ఎదురైంది పన. ఇంటికి రాసిన మొదటి ఉత్తరంలో ఆ బొమ్మ సంగతి ఎత్తలేదు.

రెండో అబద్ధం ఉద్యోగం గురించి. లైబ్రరీలో పని దొరికిందని రాశాను. నిజానికి దొరికింది గిన్నెలు కడిగే పని. అప్పటి కనీస వేతనం గంటకు నాలుగుంబావు డాలర్లు, వారానికి 20 గంటలు మించకూడదు. పొగలు కక్కే మిషనులోంచి పళ్లేలు బయటికి వస్తుంటే అందుకుని దొంతర పెట్టాలి. మొదటి వారం వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. రెండో వారం ఒక ట్రే కప్పులు నేలపాలు చేశాను. వంటగది పెద్దావిడ ఏమీ అనకుండా చీపురు చేతికిచ్చింది. మా ఇంట్లో తిన్న పళ్లెం తీసిన పాపాన పోని నేను ఆ చీపురు వైపు చూసిన చూపు ఆవిడకు అర్థమైనట్టుంది. ‘ఈ కాలేజీ పేరు ఎలా వచ్చిందో తెలుసా?’ అని అడిగి, కోతల కథ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ ఊళ్లో ఆ కథ చెప్పని మనిషి లేడు.

నేను కడిగిన పళ్లేల గురించి ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాను గానీ, అదే ఊళ్లో పళ్లెం ముందు కూర్చోవడానికే పోట్లాడవలసి వచ్చిన విద్యార్థులున్నారు. 1958 జూలైలో డాకమ్ మందుల దుకాణంలో తెల్లవాళ్లకు మాత్రమే కూర్చునే వీలున్న ఫలహారాల బల్ల ముందు నల్లజాతి యువతీయువకులు వచ్చి కూర్చున్నారు. వాళ్లను నడిపించిన రొనాల్డ్ వాల్టర్స్‌కు 20 ఏళ్లు, కెరోల్ పార్క్స్‌కు 19. మూడు వారాలకు పైగా మంచి బట్టలు కట్టుకుని వచ్చి, మారు మాట్లాడకుండా కూర్చుని వెళ్లారు. చివరికి దుకాణం దిగివచ్చింది. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో విద్యార్థులు ఇలాగే బల్ల ముందు కూర్చున్న, లోకమంతా చెప్పుకునే సంఘటన 1960 నాటిది, దీనికి తర్వాతది. నేను చదువుకున్న రెండేళ్లలో ఈ సంగతి నాతో ఎవరూ అనలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. కోతల కథ పదిసార్లు విన్నవాణ్ణి, ఇది ఒక్కసారీ వినలేదు.

ఊరు మీద నాకు గౌరవం కలగడానికి అసలు కారణం మరొకటి. ఫెయిర్‌మౌంట్ 1895లో చర్చివాళ్ల కాలేజీగా మొదలైంది. 1926లో ఊరివాళ్లు ఓటు వేసి మరీ దాన్ని మునిసిపల్ యూనివర్సిటీ చేసుకున్నారు. అంటే పన్ను కట్టి తమ కాలేజీని తామే పోషించుకున్నారన్నమాట. రాష్ట్రం చేతికి వెళ్లింది 1964లో. నది అవతల ఫ్రెండ్స్ యూనివర్సిటీ గడియారపు గోపురం కథ ఇంకా రుచిగా ఉంటుంది. 1880ల్లో ఆ ఊళ్లో స్థలాల వ్యాపారం జోరు. మన ఊళ్లలో వెంచర్ల బోర్డులు చూసినవాళ్లకు వేరే చెప్పాలా? ఆ ఊపులో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ పేరు పెట్టి 1887లో ఒక బ్రహ్మాండమైన భవనంలో యూనివర్సిటీ తెరిచారు. జోరు చల్లారింది, యూనివర్సిటీ మూతపడింది, భవనం మిగిలింది. 1898లో జేమ్స్ డేవిస్ అనే ఆయన దాన్ని కొని, ఫ్రెండ్స్ అని కూడా పిలిచే క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లకు ఇచ్చేశాడు. వందేళ్ల తర్వాత కూడా ఆ గోపురం కింద పిల్లలు చదువుకుంటున్నారు.

ఒక సెమిస్టరు పాటు వారానికోసారి ఈస్ట్ హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. 1923లో కట్టిన కోటలాంటి బడి అది. ‘మా బడిలో చదివిన జిమ్ రయన్ ఎవరో తెలుసా?’ అని ఒక కుర్రాడు నన్నే పరీక్షించాడు. తెలియదన్నాను. 1964లో, ఇంకా బడిపిల్లవాడిగానే, మైలు దూరం నాలుగు నిమిషాల్లోపు పరుగెత్తాడట. హైస్కూలు విద్యార్థుల్లో అది మొదటిసారి. మరుసటి ఏడాది రాష్ట్ర పోటీల్లో 3 నిమిషాల 58.3 సెకన్లు. అదీ మా యూనివర్సిటీ మైదానంలోనే. ఆ కుర్రాడికి భిన్నాలు రావు గానీ, ఈ దశాంశం మాత్రం నోటికి వచ్చు.

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి మోగే సైరన్ మా బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోయి ఉండరు. నేను చేతిలో అన్నం గిన్నెతో నేలమాళిగలోకి పరుగెత్తాను. అక్కడ బట్టలు ఉతుక్కుంటున్న చైనా అబ్బాయి నన్ను చూసి తనూ హడలిపోయాడు. అది సుడిగాలి హెచ్చరిక సైరన్‌కు వారం వారం చేసే పరీక్ష అని తర్వాత తెలిసింది. నవ్వుకున్నాం గానీ, అంతకుముందు ఏడాది ఏప్రిల్ 26న పక్కనే ఉన్న యాండోవర్‌ను సుడిగాలి ఊడ్చేసిన సంగతి సీనియర్లు చెప్పాక సోమవారాల్లో కూడా ఒకసారి ఆకాశం వైపు చూడటం అలవాటైంది.

మూడో సెమిస్టరుకు గిన్నెల నుంచి గాలికి మారాను. విమానాలు కట్టి బతికే ఊరు అది. సెస్నా, బీచ్, లియర్‌జెట్ అన్నీ అక్కడివే. విమాన నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే మా గాలి సొరంగానికి, బీచ్ కంపెనీ పెట్టిన వాల్టర్ బీచ్ పేరు పెట్టారు. 1948 నాటిది, ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు. నాకు అప్పగించిన పని ఘనమైనదేమీ కాదు. రెక్క నమూనా మీద బొటనవేలంత ఊలు పోగులను వరసగా టేపుతో అంటించాలి. ఒక్కో రెక్కకు వందలకొద్దీ. అంటించి అంటించి మెడ పట్టేసేది. గాలి వదలగానే పోగులన్నీ ఒక్కసారి వెనక్కి వాలి, నాటు వేసిన నెల తర్వాత చేను గాలికి ఒరిగినట్టు ఒరిగేవి. రెక్కను కొంచెం కొంచెంగా పైకి ఎత్తుతూ పోతే, ఒక కోణం దగ్గర వెనక అంచు పోగులు వణకడం మొదలుపెడతాయి. ఇంకాస్త ఎత్తితే తిరగబడి పిచ్చి పట్టినట్టు గిరగిరా తిరుగుతాయి. అక్కడ గాలి రెక్కను వదిలేసిందని అర్థం. పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా తలకెక్కని సంగతి ఐదు సెంట్ల ఊలు పోగు చెప్పింది.

నాన్న 1994 మేలో నా పట్టా ప్రదానానికి వచ్చారు. అబద్ధాలు రెండూ మొదటి రోజే బయటపడ్డాయి. వంటగది పెద్దావిడ ఎదురొచ్చి నన్ను కావలించుకుంది, పుస్తకాల దుకాణం నిండా వూషాక్‌లు. నాన్న ఒక టోపీ తీసుకుని చాలాసేపు చూశారు.

‘ఇది పన కదురా?’

‘అవును నాన్నా.’

‘మరి అంత కోపం దేనికి?’

నా దగ్గర జవాబు లేదు. ఆయనే ఆలోచించి, ‘కోతల్లో వాన పడి ఉంటుంది’ అన్నారు.

జూన్ రెండో వారంలో వెల్లింగ్టన్ వైపు తీసుకువెళ్లాను. కనుచూపు మేర పండిన గోధుమ. రోడ్డు పక్కన కారు ఆపించి, దిగి, చేను అంచున నిలబడి, ‘పనలేవిరా?’ అన్నారు. పనలు లేవు, మిషను కోస్తూనే నూర్చేస్తుందని చెప్పాను. ఆ మిషను మా వైపే వచ్చి ఆగింది. నడిపే పెద్దమనిషి దిగి వచ్చాడు. ఏదో అంటాడని నేను సంజాయిషీ సిద్ధం చేసుకుంటున్నాను. నాన్న అప్పటికే ఒక కంకి తెంపి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజను పంటి కింద వేశారు. ఆయన నాన్ననే చూస్తూ తానూ ఒక కంకి తెంపాడు, నలిపాడు, ఊదాడు, కొరికాడు. ఇద్దరూ నములుతూ నిలబడ్డారు. ‘ఇంకా ఒక్కరోజు ఎండ కావాలి’ అన్నారు నాన్న నాతో. నేను అనువదించాను. ఆయన ఆకాశం వైపు వేలు చూపించి, ఆ రాత్రికే వాన ఉందన్నాడు. అది విని నాన్న తలాడించి, తన తలమీది టోపీ తీసి దాని మీది బొమ్మను ఆయనకు చూపించారు. ఎందుకు నవ్వుకున్నారో ఇద్దరికీ భాష అక్కర్లేకపోయింది.

ఆ టోపీ పెట్టుకునే నాన్న పదేళ్లు కోతలు కోయించారు. రంగు వెలిసి, ముందు అంచు విరిగిపోయాక కూడా పారేయనివ్వలేదు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను, బోరు మోటారు స్టార్టరు పెట్టె మీద వాన పడకుండా బోర్లించి తాడుతో కట్టి ఉంది. కనుబొమలు మాత్రం ఇంకా కనిపిస్తున్నాయి.