టోక్యోలో మంచి కూర వెతుక్కున్న తీరు

టోక్యోకి బదిలీ మీద వచ్చినవాళ్లు ముందు ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు చూసుకుంటారు. ఆ పనులకి ఆఫీసులో ఎవరో ఒకరు సాయం చేస్తారు. మంచి కూర ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు మాత్రం నాకు చాలాకాలం తగల్లేదు. చాలా తిరిగాక ఒక పద్ధతి చిక్కింది. కొత్తగా వస్తున్నవాళ్లకి ఆ తిరుగుడు తగ్గాలని రాస్తున్నాను.

ఇక్కడ ఇండియన్ రెస్టారెంట్లకి కొదవ లేదు. ఏ చిన్న స్టేషన్‌లో దిగినా మన జెండా, దాని పక్కన నేపాల్ జెండా కనిపిస్తాయి. లోపలికి వెళితే పేట మారినా పళ్లెం మారదు. నారింజరంగు డ్రెస్సింగ్ పోసిన సలాడ్, పళ్లెం అంచు దాటి వేలాడే నాన్, చిన్న గిన్నెలో కూర, మ్యాంగో లస్సీ. కూరల్లో బటర్ చికెన్, కీమా, పాలకూర, ‘ఈరోజు స్పెషల్’. చాలాచోట్ల నాన్ ఎన్నిసార్లు అడిగినా పెడతారు. కారం ఎంత కావాలో అంకెల్లో చెప్పాలి, మామూలుగా ఒకటి నుంచి ఐదు దాకా. ఐదు చెప్పినా మనం వెతికే కారం రాదు. వంటగది కనిపించే ఒక హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చుని చూశాను. అందరికీ పోసే గ్రేవీనే చిన్న పెనంలో వేడిచేసి, దించేముందు కారప్పొడి రెండు చెంచాలు వేసి కలిపారు. ఆ కారం నూనెలో వేగలేదు కాబట్టి పచ్చివాసన అలాగే ఉండిపోయింది. నోరు మండింది గానీ నాలుక మీద మిగిలింది తీపి.

దీనికి వంటవాళ్లని తప్పుపట్టడం అన్యాయం. ఇలాంటి హోటళ్లు ఎక్కువగా నేపాలీలు నడుపుతున్నవి. వాళ్లలో చాలామందిది పశ్చిమ నేపాల్ కొండల్లోని బాగ్లుంగ్ జిల్లా. విదేశీ వంటల వంటవాడిగా జపాన్ వీసా రావాలంటే ఆ పనిలో 10 ఏళ్ల అనుభవం చూపించాలి. నాతో మాట్లాడినవాళ్లలో చాలామంది ఢిల్లీ, ముంబయి హోటళ్లలో చెయ్యి తిరిగినవాళ్లే. ఇక్కడికొచ్చి ఏళ్ల తరబడి ఒక యజమాని దగ్గర పనిచేసి, డబ్బు కూడబెట్టి సొంతంగా షాపు పెడతారు. ఊళ్లోంచి తమ్ముణ్ణో బావమరిదినో వంటకి పిలిపించుకుంటారు. అప్పు తెచ్చి పెట్టిన షాపులో ప్రయోగాలు చేసే ధైర్యం ఎవరికుంటుంది? ఇక్కడి కుటుంబాలకి, ముఖ్యంగా పిల్లలకి, తియ్యటి కూర, పెద్ద నాన్ నచ్చాయని తేలాక అదే మెనూ షాపు నుంచి షాపుకి పాకింది. ఆ పళ్లెం ఇక్కడివాళ్ల కోసం శ్రద్ధగా వండిన పళ్లెం. వాళ్లు ఇష్టంగానే తింటున్నారు.

ఇది అర్థమయ్యాక నా వెతుకులాట దారిన పడింది. ఫలానా హోటల్ బాగుంటుందా అని అడగడం మానేశాను. అక్కడి వంటవాడు ఎవరి నోటిని దృష్టిలో పెట్టుకుని వండుతున్నాడో చూడడం మొదలుపెట్టాను.

మొదట వెళ్లింది నిషి-కసాయికి. టోక్యో తూర్పున ఎదొగావా వార్డులో, తోజాయి లైన్ మీద ఉంటుంది. 2000 సంవత్సరం దగ్గరపడుతుండగా కంప్యూటర్లలో తేదీల సమస్య (వైటూకే) సరిచేసే హడావుడిలో మన ఇంజనీర్లు పెద్దసంఖ్యలో వచ్చినప్పుడు ఈ పేటలో దిగారు. ఓతెమాచి, నిహోంబాషి ఆఫీసులకి అదే లైన్లో రైలు మారకుండా వెళ్లిపోవచ్చు. పైగా అక్కడున్న యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్లలో హామీదారుణ్ణి తెమ్మనరు, విదేశీయులన్న కారణంతో తిప్పి పంపరు. అప్పట్లో శాకాహారులైన కుర్రాళ్లు తిండికి ఇబ్బంది పడుతుంటే, 1970ల చివర్లోనే వచ్చి స్థిరపడిన టీ వ్యాపారి జగ్‌మోహన్ చంద్రానీ వాళ్ల కోసం భోజనం ఏర్పాటు చేశారు. ఆ తర్వాత అక్కడ హోటళ్లు, సరుకుల కొట్లు పెరిగాయి. పప్పు ఎలా ఉండాలో తెలిసిన జనం రోజూ వచ్చి తినే చోట పప్పుని పలచటి సూపులా చేసి తప్పించుకోవడం కుదరదు.

అక్కడే మా ఆఫీసు పెద్దాయన ఒకరు కలిశారు. నాకంటే చాలా ముందు వచ్చిన తెలుగాయన. “బాబూ, మధ్యాహ్నం లంచ్ సెట్ తిని ఏ హోటల్నీ తేల్చెయ్యకు. రాత్రి ఎనిమిది దాటాక వెళ్లు. మనవాళ్లు కూర్చున్న టేబుల్ మీద ఏముందో చూడు. మెనూలో అది ఉండదు” అన్నారు. “మెనూలో లేనిది ఎలా అడగాలి అన్నా?” అంటే, “వేలు పెట్టి చూపించి, అదే ఇవ్వండి అని అడుగు. సిగ్గెందుకు?” అన్నారు. నాకు అందిన సలహాల్లో ఇంతకన్నా పనికొచ్చింది లేదు. మధ్యాహ్నం ఆఫీసువాళ్లు త్వరగా తిని వెళ్లాలి కాబట్టి అన్నీ ముందే కలిపి ఉంచుతారు. రాత్రి వంటవాడికి తీరిక ఉంటుంది, అడిగితే తాజాగా పోపు వేస్తాడు.

తర్వాత ఫోన్లో వెతికే తీరు మార్చుకున్నాను. ఇంగ్లీషులో వెతికితే పర్యాటకులు రాసిన మెచ్చుకోళ్లు వస్తాయి. నాన్ మెత్తగా ఉంది, సిబ్బంది నవ్వుతూ మాట్లాడారు అని నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చేస్తారు. అదే విదేశీ మాటలకి జపనీయులు వాడే కటాకానా లిపిలో ‘మీరుసు’ (మీల్స్) అని కొట్టండి. మన మీల్స్ పెట్టే హోటళ్లు వరసగా వస్తాయి. ‘బిరియానీ’, ‘రస్సాము’, ‘ఆంధ్రా’ అని కూడా కొట్టి చూడండి. దక్షిణాది వంటని ప్రాణంగా ప్రేమించే జపనీయులు ఇక్కడ ఉన్నారు. వాళ్ల రివ్యూలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. వంటవాడిది ఏ రాష్ట్రం, అన్నం బాస్మతీయా ఇంకో పొడవు గింజ రకమా, రసంలో మిరియాలు ముందున్నాయా చింతపండు ముందుందా, అన్నీ రాస్తారు. తాబెలాగ్ అనే యాప్‌లో రేటింగులు చాలా పిసినారిగా పడతాయి. అక్కడ మూడున్నర వచ్చిందంటే మంచి హోటల్ కిందే లెక్క, మూడు పైచిలుకు ఉన్న చిన్న హోటల్లో కూడా అద్భుతమైన భోజనం దొరకొచ్చు. అంకె వదిలేసి రాసిన మాటలు అనువాదం చేసుకుని చదవండి.

అలా చదివి వెళ్లినవాటిలో ఒకటి ఓకాచిమాచిలోని ఆంధ్రా కిచెన్. గిన్జాలో ఆంధ్రా డైనింగ్ కూడా ఉంది. ఓకాచిమాచిలో నా పక్క టేబుల్‌కి సూటు వేసుకున్న జపాన్ ఆయన ఒక్కడే వచ్చాడు. మీల్స్ రాగానే టై చివర చొక్కా జేబులోకి దోపుకుని, గిన్నెలన్నీ తీసి పళ్లెం చుట్టూ పెట్టాడు. అన్నం ఒక పక్కకి జరిపి ముందు పప్పు వేసుకున్నాడు, తర్వాత సాంబారు, ఆ తర్వాత రసం. రసానికి ముందు అన్నం కొంచెం మెదిపాడు. చివరికి పెరుగు వేసుకుని, పచ్చడి అంచుకి అద్దుకుంటూ పూర్తి చేశాడు. ఎవరు నేర్పారో గానీ, ఆ క్రమం చూసి నాకు చెప్పలేనంత ఆనందమేసింది. ఇలాంటి మనిషి మళ్లీమళ్లీ వచ్చే హోటల్లో రసం పాడవదు. ఆ రోజు నుంచి హోటల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చూడడంతో సరిపెట్టుకోను. ఒంటరిగా వచ్చి, ఫోన్ పక్కన పెట్టి, భక్తిగా తింటున్న జపనీయులు ఉన్నారా అని కూడా చూస్తాను.

ఈ ఇష్టానికి వెనక పెద్ద చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. జపాన్‌కి ‘కరీ’ మొదట వచ్చింది మెయిజీ చక్రవర్తి కాలంలో (1868-1912), బ్రిటిషువాళ్ల దారిన, గోధుమపిండితో చిక్కబడ్డ పులుసుగా. స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిషువాళ్లకి చిక్కకుండా 1915లో జపాన్ చేరిన రాస్ బిహారీ బోస్‌కి షింజుకులోని నకామురాయా బేకరీ యజమానులు ఆశ్రయమిచ్చారు. 1918లో వాళ్లమ్మాయి తోషికోని ఆయన పెళ్లి చేసుకున్నారు. ఆమె 1925లో చనిపోయింది. 1927లో నకామురాయా తన టీ గదిలో బోస్ నేర్పిన భారతీయ కూర పెట్టింది, షింజుకులో ఈరోజుకీ పెడుతోంది. బోస్‌తో కలిసి పనిచేసిన కేరళీయుడు ఎ.ఎం. నాయర్ 1949లో గిన్జాలో పెట్టిన రెస్టారెంట్ కూడా నడుస్తోంది. అజంతా అనే ఇంకో ఇండియన్ రెస్టారెంట్ 1957లో మొదలైంది. దేశం విడిచి వచ్చిన బోస్, సరైన కూర అంటే ఏమిటో ఇక్కడివాళ్లకి చూపించాలని పట్టుబట్టారన్న సంగతి నన్ను కదిలించింది. నకామురాయాలో ఎముకతో ఉన్న కోడి ముక్క తింటున్నంతసేపూ అదే ఆలోచన. రుచి మన ఇంటి రుచి కాదు. అయినా వచ్చినవాళ్లు ఒక్కసారైనా అక్కడ తినాలని నా కోరిక.

ఇక అసలు విషయానికొస్తాను. వారంలో ఒకరోజు ఓకాచిమాచి వెళ్లొచ్చు, రోజూ వెళ్లలేం. రోజువారీ కూర ఇంటికి నడిచివెళ్లే దూరంలోనే దొరకాలి. మా స్టేషన్ దగ్గర ఉన్నవన్నీ నేను ముందు చెప్పిన నాన్, బటర్ చికెన్ హోటళ్లే. వాటిలో ఒకదానికి మధ్యాహ్నం భోజనాల వేళ అయిపోతుండగా వెళ్లేవాణ్ణి. ఒకసారి వంటగది గుమ్మంలో స్టూలు మీద కూర్చుని వంటాయన, వడ్డించే అబ్బాయి భోంచేస్తున్నారు. స్టీలు పళ్లెంలో అన్నం, పలచటి ఎర్ర కందిపప్పు, ఏదో ఆకుకూర వేపుడు, ముల్లంగి పచ్చడి. నాన్ లేదు, క్రీమ్ గ్రేవీ లేదు. “దాయ్, అది నాకూ పెడతారా?” అని హిందీలో అడిగాను. నేపాలీలో దాయ్ అంటే అన్న. ఆయన కంగారుపడి, “ఇది మా తిండి సార్, మీకు నచ్చదు” అన్నాడు. నాకు అదే కావాలన్నాను.

లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించాడు. చిన్న మూకుడులో ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, ఎండుమిరపకాయలు తుంచి వేశాడు. అవి నల్లబడకముందే జీలకర్ర, చితక్కొట్టిన వెల్లుల్లి. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే ఆ పోపంతా పప్పులో పోసి వెంటనే మూతపెట్టాడు. మూత తీసి పెట్టినప్పుడు వచ్చిన ఘాటుకి కళ్లు చెమర్చాయి. ఆవనూనె మన ఇళ్లలో వాడరు, ఆ పప్పు మన పప్పూ కాదు. అయినా తను తినడానికి వండుకున్న మనిషి చేతి వంట అది, పోపు తేడా తెలిసిన చెయ్యి. నేను అన్నాళ్లూ వెతికింది అదే. రెండోసారి వెళ్లినప్పుడు “పచ్చిమిర్చి ఎక్కువ వెయ్యండి దాయ్” అంటే ఆయన ముఖం వెలిగింది. ఇక్కడ పచ్చిమిర్చి అడిగేవాళ్లే లేరట.

అప్పటినుంచి ఏ కొత్త పేటకి వెళ్లినా ఇదే చేస్తున్నాను. రద్దీ తగ్గాక వెళ్లి, మీరేం తింటారో అది పెట్టమని మర్యాదగా అడుగుతాను. కొన్నిచోట్ల కుదరదన్నారు, అది వాళ్ల ఇష్టం. చాలాచోట్ల మాత్రం సంతోషంగా పెట్టారు. అడిగేటప్పుడు మెనూలో ఉన్న భోజనాల ధరే దీనికీ ఇస్తామని చెప్పాలి. సిబ్బంది భోజనం కదా అని ఉచితంగా ఆశించడం తగదు.

కొన్ని విడి సంగతులు. మంచి హోటల్ ఉన్నట్టుండి పాడైందంటే వంటాయన మారిపోయాడని అర్థం. ఎక్కడికెళ్లాడో అడిగి తెలుసుకోండి. బోర్డు మీద పేరుకన్నా ఆయన వెంట వెళ్లడమే మంచిది. బిర్యానీ చాలాచోట్ల శని, ఆదివారాల్లోనే దమ్ వేస్తారు. మిగతా రోజుల్లో వచ్చేది మసాలా కలిపి వేయించిన అన్నం. శాకాహారులు జపనీస్ కరీ షాపులకి దూరంగా ఉండాలి. ఆ గ్రేవీకి వాడే ముద్దల్లో చాలావాటిలో గొడ్డు, పంది కొవ్వు ఉంటుంది. కూరగాయల కరీ అని రాసినా చాలాచోట్ల ఆ గ్రేవీనే పోస్తారు.

మా స్టేషన్ దగ్గరి దాయ్ ఇప్పుడు సైతామాలో సొంత షాపు పెట్టుకున్నాడు. మెనూ మొదటి పేజీలో బటర్ చికెన్, చీజ్ నాన్ ఉన్నాయి, అవి లేకపోతే అద్దె కట్టలేడు. చివరి పేజీలో దాల్ భాత్ కూడా చేర్చాడు. ఆకుకూర ముందురోజు తెచ్చుకోవాలి కాబట్టి, వెళ్లేవాళ్లు రాత్రే ఫోన్ చేసి ఎంతమందో చెప్పాలి.