కంట్లో నీటిమట్టం

నేను లెక్కల మాస్టర్ని. నా కుడికంట్లో తేలే నల్లపోగు పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో బాగా ఏడిపించేది. సరిగ్గా అంకెల మధ్యకొచ్చి నిలబడితే 25 కాస్తా 2.5లా కనపడేది. కన్ను తిప్పితే పక్కకు పోయేది, ఆపితే ఊగుతూ మళ్లీ వచ్చేది.

"వయసు కదా, అలవాటైపోతుంది" అన్నారు ఇద్దరు డాక్టర్లు. మూడేళ్లయినా అలవాటు కాలేదు. చివరికి విట్రెక్టమీ చేయించుకున్నాను. తెల్లగుడ్డుకు మూడు సన్న రంధ్రాలు పెట్టి, ఆ పోగు తేలే లోపలి జెల్లీని కత్తిరించి లాగేసి, సెలైన్ లాంటి ద్రవం నింపుతారు. నాకు రెటీనా, అంటే కంటి వెనకుండే తెర, అంచున ఒకచోట పలచబడి ఉందట. అక్కడ లేజర్ చేసి, ఆఖర్న గాలి నింపారు. గాలి సంగతి ముందే చెప్పారేమో, టెన్షన్‌లో నా బుర్రకెక్కలేదు.

మొదటి రెండు రోజులు అంతా మసకే. మూడోరోజు చూపులో పైన అడ్డంగా ఒక గీత. గీత పైన స్పష్టం, కింద మసక. తల కదిపితే గ్లాసులో నీళ్లలా తొణికేది. కంట్లో నీరు చేరిందని మా ఆవిడ ఏడుపు. రాత్రి పదింటికి ఫోన్ చేశాం.

"మాస్టారూ, అది గాలి బుడగ. లోపల పైనే తేలుతోంది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మీకు కింద కనపడుతోంది. తల ఊపినా ఊగని నల్లతెర వచ్చినా, మెరుపులు మెరిసినా మాత్రం అర్ధరాత్రయినా వచ్చేయండి" అన్నారు డాక్టర్ గారు. ఇక ఆ రాత్రంతా తల ఊపి చూసుకోవడమే నా పని! మా ఫిజిక్స్ సారు విని, ఏటా పిల్లలకు తను చెప్పే పాఠమే కదా అని నవ్వాడు.

గీత రోజురోజుకూ దిగింది. ఆరోరోజుకు బుడగ గోళీ అంత, తర్వాత మిరియం గింజంత, ఎనిమిదో రోజు పొద్దున లేచేసరికి లేదు. చూపు అంచున మాత్రం, ఎండలో తారురోడ్డు మీద కనపడే అల లాంటిది రెండు నెలలు మిగిలింది. దానికి ఎవరూ సరైన కారణం చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి అదే కంట్లో శుక్లం ముదిరింది. యాభై దాటినవాళ్లకు ఈ ఆపరేషన్ తర్వాత అది మామూలేనట. సంతకం పెట్టిన కాగితంలో ఉంది, నేనే పట్టించుకోలేదు. నిరుడు లెన్స్ వేయించుకున్నాను.

ఎడమకంట్లోనూ ఒక పోగుంది. దాని జోలికి పోలేదు. ఈసారి స్పాట్‌లో చుక్క మీద అనుమానమొస్తే ఎడమకన్ను మూసుకుని మార్కులు వేశాను.