యూకేజీ గదిలో లెక్కల మూలలు: గుడ్ల ట్రే, చింతపిక్కలు, గవ్వలు

మొదటిరోజే ఐదు చాపలు పరిచి, ఐదింటి మీదా సామాను కుమ్మరించి పిల్లల్ని వదిలితే పావుగంటలో చింతపిక్కలు పెన్సిల్ డబ్బాల్లోకి, గవ్వలు జేబుల్లోకి పోతాయి. వారానికి ఒక్క మూల (ఒక చాప, దాని మీద ఒక లెక్కల ఆట సామాను) చొప్పున తెరవండి. కొత్త మూలను ముందు క్లాసంతా కలిసి ఆడాలి. తియ్యడం, ఆడడం, సర్దడం మూడూ వచ్చాకే అది చాప మీదికి రావాలి.

30 మంది ఉంటే ఆరుగురేసి ఐదు జట్లు, జట్టులో మూడు జంటలు. అంటే ఏ మూలకైనా మూడు సెట్లు చాలు. రోజుకి ఒక జట్టుకి ఒకటే మూల, సోమవారం నుంచి శుక్రవారానికి చుట్టు పూర్తవుతుంది. ఒకే పీరియడ్‌లో అన్ని మూలలూ తిప్పితే లేవడానికి, కూర్చోడానికే సమయం సరిపోతుంది. ఆట 15 నిమిషాలు, సర్దడం 5. మీరు రోజూ ఒక్క మూల దగ్గరే కూర్చోవాలి. మిగతా నాలుగూ మీరు లేకుండా నడవాలంటే, పిల్లలు తప్పు చేస్తే ఆ సంగతి సామానే చెప్పాలి. ఏ మూల ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకోడానికి ఇదొక్కటే పరీక్ష.

గుడ్ల ట్రే ఈ పరీక్షలో ఫస్టు వస్తుంది. 30 గుడ్ల ట్రేలో వరుసకి ఐదు చొప్పున ఆరు వరుసలుంటాయి. రెండేసి వరుసలుగా కోస్తే మూడు పది గుంటల పలకలొస్తాయి. జంటకి రెండు పలకలు, 20 చింతపిక్కలు. మూలకి మొత్తం రెండు ట్రేలు, 60 పిక్కలు. గుడ్ల కొట్లో వాడని ట్రేలు అడిగి తెచ్చుకోండి, పగిలిన గుడ్డు మరకలున్నవి వద్దు. పిక్కలకి అంటిన చింతపండు పూర్తిగా పోయేలా కడిగి రెండురోజులు ఎండబెట్టండి. లేదంటే చీమలు, ఆ తర్వాత బూజు. నర్సరీ వాళ్లకి మాత్రం పిక్కలూ గవ్వలూ అసలు ఇవ్వొద్దు, నోట్లోకో ముక్కులోకో పోతాయి. వాళ్లకి పెద్ద డబ్బా మూతలు చాలు.

పలక అడ్డంగా ఉండాలి, పై వరుస ఎడమ గుంట నుంచి నింపాలి. ఆ గుంటలో ఎర్రచుక్క పెడితే ప్రతిసారీ చెప్పక్కర్లేదు. ఎక్కడపడితే అక్కడ వేస్తే ఏడు పిక్కలు ఉత్త గుంపుగానే కనిపిస్తాయి. పై వరుస నిండి, కింద రెండుంటే ఏడంటే ఐదు మీద రెండని కంటికే తెలుస్తుంది. “ఇంకా ఎన్ని ఖాళీ?” అంటే మూడని వేలు పెట్టకుండానే చెబుతారు. “మొత్తం ఎన్ని?” అన్నప్పుడు మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టేవాళ్లుంటారు. లెక్కలో ఆఖరి అంకే మొత్తమని వాళ్లకింకా తట్టలేదన్నమాట. లెక్కపెట్టగానే పలకని చేత్తో కప్పేసి అడగండి.

పుల్లల మూలలో జంటకి సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెలు రాసిన పది గ్లాసులు, 45 ఐస్‌క్రీం పుల్లలు కావాలి. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే 45. మాంటిసోరి బడుల్లో వాడే స్పిండిల్ బాక్స్ (అంకెల అరల్లో పుల్లలు వేసే పెట్టె) లెక్క ఇదే. ఎక్కడ పొరపాటు చేసినా చివర పుల్ల మిగులుతుంది, లేదా చాలదు. సున్నా గ్లాసు ఖాళీగా ఉండడం పిల్లలకి నచ్చదు, ఒక పుల్ల వేసేస్తారు. అప్పుడు తొమ్మిదికి ఒకటి తక్కువై, ఎక్కడ పోయిందని వాళ్లే వెతుక్కుంటారు.

పది దాటాక అవే పుల్లల్ని పదేసి కట్టలు కట్టించండి. కొత్త రబ్బరుబ్యాండు చిన్న వేళ్లకి సాగదు, జడకి పెట్టుకునే బట్ట బ్యాండ్లు మేలు. అసలు చిక్కు రాయడంలో వస్తుంది. పదిహేడులో పది ముందు, ఏడు తర్వాత వినిపిస్తాయి కాబట్టి కొందరు 107 అని రాస్తారు. ‘సెవెన్‌టీన్’లో ఏడు ముందు వినిపిస్తుంది గనక 71 అని రాసేవాళ్లూ ఉంటారు. రెండింటికీ మందు ఒకటే: 8 సెంటీమీటర్ల అట్టముక్క మీద 10, 4 సెంటీమీటర్ల ముక్క మీద 7. చిన్నదాన్ని సున్నా మీద పెడితే 17. అట్ట ఎత్తి చూస్తే కింద సున్నా అలాగే ఉంటుంది. ఆ ఎత్తిచూసే సరదా కోసమే పదిసార్లు చేస్తారు.

గవ్వల మూలలో జంటకి నాలుగు గవ్వలు. వెయ్యగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో వేలు పెట్టకుండా చెప్పాలి. నాలుగు దాకా చూపుతోనే తెలిసిపోతుంది కాబట్టి నాలుగే చాలు. అన్నీ బోర్లా పడితే సున్నా. ఇంట్లో అష్టాచెమ్మా ఆడే పిల్లలు మాత్రం “కాదు, ఎనిమిది!” అని పోట్లాటకి వస్తారు. ‘ఇది బడి ఆట, అది ఇంటి ఆట’ అని ముందే చెప్పేస్తే గొడవుండదు. గచ్చు మీద వేస్తే చప్పుడుకి పక్క క్లాసు టీచరు వస్తారు, గోనెపట్టా మడిచి వెయ్యండి.

తక్కెడ అందరూ పెడతారు, ఎక్కువగా పాడయ్యేదీ అదే. హ్యాంగరుకి రెండు వైపులా కప్పులు కట్టి, ఖాళీగా ఉన్నప్పుడే సమంగా నిలుస్తోందో లేదో చూడండి. వాలితే, పైకి లేచిన కప్పు అడుగున చిన్న మట్టిముద్ద అంటించండి. కొక్కెం మేకుకి గట్టిగా పట్టేస్తే చిన్న తేడాకి కదలదు, దారంతో వేలాడదియ్యండి. తూకపురాళ్లుగా చింతపిక్కలు పనికిరావు, ఒక్కోటి ఒక్కో బరువు. ఒకే సైజు గోలీలు వాడండి. పెద్ద దూది ఉండ, చిన్న ఇనప బోల్టు ఎదురెదురుగా పెట్టించండి, ఏది కిందికి దిగుతుందో ముందే చెప్పమనండి.

గాజుల వరుసల మూల తేలిక. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ దగ్గరే ఆగకుండా ఎరుపు, పచ్చ, పచ్చకి వెళ్లండి. మధ్యలోంచి ఒకటి తీసేసి ఏది పోయిందో కనిపెట్టమనండి. ప్లాస్టిక్ గాజులే సుమా.

సర్దేటప్పుడు ప్రతి డబ్బా మూత మీద సామాను బొమ్మ, పక్కన ఎన్ని ఉండాలో అంకె ఉండాలి. పిక్కల డబ్బా మీద 20 అని ఉంటే, రెండు పలకలూ నిండాకే పిక్కలు డబ్బాలోకి పోతాయి. ఒక గుంట ఖాళీగా ఉందంటే పిక్క చాప కిందే ఉండుంటుంది. వెతకడానికి రెండు నిమిషాలివ్వండి. దొరక్కపోతే మీ బల్ల సొరుగులో గుప్పెడు పిక్కలు ఎటూ ఉండాలి.