మంగళగిరి చీర అంచు

గత శీతాకాలంలో మా పదకొండేళ్ళ అమ్మాయి, బడిలో ఇచ్చిన పనికోసమని, బీరువా అడుగున దాచిన మా అమ్మ మంగళగిరి చీర అంచును రెండు మూరల మేర కత్తిరించింది. నేను అమెరికాకు బయలుదేరిన నాడు అమ్మ కట్టుకున్న చీర అది. ఇన్నేళ్ళలో దానిని నేను కట్టనూ లేదు, ఎవరికీ ఇవ్వనూ లేదు. ఏడాదికొకసారి మడత మార్చి మళ్ళీ లోపల పెడుతూ వచ్చాను. కోపంలో అన్న మాటలు ఇక్కడ రాయను. "దానితో నువ్వేమీ చేయవు కదమ్మా?" అని అది అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంట్లో దొరికే వస్తువులతోనే ఇంటి కథ చెప్పాలన్నది బడిలో ఇచ్చిన పని. మేముంటున్న ఒహాయో రాష్ట్రపు కొలంబస్‌లోనే 1940లో పుట్టి, 2015లో కన్నుమూసిన అమీనా బ్రెండా లిన్ రాబిన్సన్ అనే కళాకారిణి పద్ధతి అదట. ఇంతకాలం ఈ ఊళ్ళో ఉండి ఆ పేరు నేను వినలేదు. నాకు ఈ ఊరంటే ఆఫీసు, ఇండియన్ స్టోరు, గుడి, ఆదివారపు తెలుగు తరగతి. నగరానికి తూర్పు వైపునున్న నల్లజాతివారి వాడలకు వెళ్ళవద్దని కొత్తలో నాకెవరో చెప్పారు. ఆ తరువాత వచ్చినవాళ్ళకు నేనూ అదే చెప్పాను. రాబిన్సన్ పెరిగిన పాయిన్‌డెక్స్టర్ విలేజ్ అనే ప్రభుత్వ ఇళ్ళ సముదాయం ఆ వైపునే ఉండేది.

ఆ వారాంతంలో అమ్మాయీ నేనూ కొలంబస్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌కు వెళ్ళాము. కాగితం తయారుచేసి పుస్తకం కుట్టడం, బురద, పందికొవ్వు, జిగురు, సున్నం, రంగులు కలిపి 'హాగ్‌మాగ్' అనే ముద్ద చేయడం రాబిన్సన్‌కు తండ్రి నేర్పాడు. సూదిపని, గుండీలు కుట్టే పని తల్లి నేర్పింది. హాగ్‌మాగ్ గురించి చదువుతుంటే నాకు తెలంగాణలోని చేర్యాలలో బొమ్మలు వేసే నకాషీలు గుర్తుకు వచ్చారు. గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి బొమ్మలు వేయడం, అదే జిగురులో రంపపుపొట్టు కలిపి ముఖాలు మలచడం వారి ఇళ్ళలో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకునే విద్య. మేము మా పిల్లలకు నాట్యం, సంగీతం ఫీజు కట్టి నేర్పిస్తున్నాము, అందులో తప్పేమీ లేదు, కానీ మా అమ్మాయికి సూదిలో దారం ఎక్కించడం నేను ఏనాడూ నేర్పలేదు.

గుడ్డ, గుండీలు, పూసలు, గవ్వలు కలిపి ఏళ్ళ తరబడి కుట్టిన తన పెద్ద పనులకు ఆమె 'రాగ్‌గోనాన్' అని పేరు పెట్టుకుంది. సాగుతూనే ఉండే గుడ్డ అని దాని భావం. చూసినవారి స్పందన కూడా చేరితే తప్ప అది పూర్తి కాదని ఆమె నమ్మకం. వాడలోని పెద్దలు చెప్పిన సంగతులను, వీధి వెంట కేకలు వేస్తూ తిరిగిన చిరువర్తకులను, కుటుంబ పెద్దలు చెప్పిన, జార్జియా తీరంలోని సెపెలో దీవి కథలను బొమ్మలుగా దాచింది. 1970ల నుంచి ఏళ్ళ తరబడి నగరపాలక సంస్థ వినోద కేంద్రాలలో పిల్లలకు, పెద్దలకు కళ నేర్పే ఉద్యోగం చేసింది. 1979లో ఆఫ్రికా వెళ్ళినప్పుడు 'అమీనా' అన్న పేరు వచ్చింది. 2004లో, అసాధారణ ప్రతిభకు అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. పాయిన్‌డెక్స్టర్ విలేజ్‌ను చాలావరకు కూల్చివేశారు. ఆమె తన ఇంటిని, పనులను మ్యూజియంకు రాసిచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో నల్లజాతి కళాకారులు కొంతకాలం ఉండి పనిచేసుకునే ఏర్పాటు ఉంది.

ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్ చేసి, చీర సంగతి బెరుకుగా చెప్పాను. "అంచు కత్తిరించిందని దాని మీద అరిచావా? నూలుచీర మెత్తబడ్డాకే గదే బొంతకు పనికొచ్చేది" అని నన్నే మందలించింది. ఆపైన ఫోనును చెంబుకు ఆనించి, మనవరాలికి ముడి వేయడం, పొరలు జరగకుండా బారుగా టాకాలు వేయడం చూపించింది. దానికి సగం మాటలు అర్థం కాలేదు, 'పొర' అంటే ఏమిటని నన్నడిగింది. చేతులు మాత్రం చూసి పట్టుకుంది. తెలుగు తరగతిలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల ఆ రోజు గంటన్నర లేవలేదు.

బడి గడువు ఎప్పుడో అయిపోయింది, మార్కులూ వచ్చాయి, కానీ బొంత పని ఆగలేదు. అందులో ఇప్పుడు చీర అంచుతో పాటు వాళ్ళ నాన్న పాత చొక్కా గుండీలు, కీలు ఊడిన గజ్జెలు, పక్కింటి ఆవిడ ఇచ్చిన టేబుల్ గుడ్డ ముక్క ఉన్నాయి. కుడివైపు మూల జానెడు మేర ఖాళీగా వదిలింది. అక్కడ అమ్మమ్మ వచ్చి కుట్టాలట. అమ్మ వీసా ఇంటర్వ్యూకు తేదీ ఇంకా దొరకలేదు.