ఇరవై నిండకముందే బ్యాచిలర్స్: క్లెప్ పరీక్షలతో నా అనుభవం

అమెరికాలో హైస్కూల్ చదువుతూనే పరీక్షలు రాసి కాలేజీ క్రెడిట్లు (డిగ్రీకి లెక్కకొచ్చే కోర్సు యూనిట్లు) కూడబెట్టుకోవచ్చని, అలా డిగ్రీ తొందరగా పూర్తి చేయొచ్చని చాలామంది వినే ఉంటారు. నేను ఆ దారిలోనే వచ్చాను. తెలిసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి అడుగుతుంటే, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకసారి రాసి పెడదామనిపించింది. అందరూ మొదట అడిగేది పరీక్ష కష్టమా అని. పరీక్షల సంగతి ఎలాగోలా అయిపోతుందండీ. పాసైన క్రెడిట్‌ని ఏ కాలేజీ తీసుకుంటుంది, తీసుకున్నాక డిగ్రీలో ఎక్కడ వేస్తుంది అన్న దగ్గరే అసలు తలనొప్పంతా.

మాది ఖమ్మం. ఏడో తరగతి దాకా అక్కడే చదివాను, తర్వాత నాన్న ఉద్యోగం వల్ల డాలస్ దగ్గరికి వచ్చేశాం. నాన్నది హెచ్-1బీ ఉద్యోగ వీసా, నాది హెచ్-4, అంటే వాళ్ల కుటుంబసభ్యులకిచ్చే వీసా. హెచ్-4 పిల్లల కష్టాలు తెలిసినవాళ్లకు ఇక్కడితో విషయం అర్థమైపోయి ఉంటుంది. ఫెడరల్ ఫైనాన్షియల్ ఎయిడ్ రాదు, ఉద్యోగం చేయకూడదు, ఇరవై ఒకటి నిండితే డిపెండెంట్‌గా ఉండే వీలు లేదు, గ్రీన్‌కార్డ్ క్యూ చూస్తే మనవాళ్లకు ఈ జన్మలో కదిలేలా కనిపించదు. అందుకని డబ్బు, టైమ్ రెండూ కలిసొచ్చే దారేదైనా ఉందా అని వెతికితే మా స్కూల్ కౌన్సెలర్ మాటల మధ్యలో క్లెప్ అనే పేరు చెప్పింది. చెప్పి, నాకు అంతకన్నా పెద్దగా తెలీదు, నువ్వే చూసుకో అంది.

క్లెప్ (కాలేజ్-లెవెల్ ఎగ్జామినేషన్ ప్రోగ్రామ్) అంటే కాలేజ్ బోర్డ్ అనే అమెరికా సంస్థ పెట్టే పరీక్షలు. శాట్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు పెట్టేది కూడా వాళ్లే. 1967 నుంచి ఉంది, మొత్తం 34 సబ్జెక్టులు. చాలావరకు గంటన్నర పరీక్ష, కంప్యూటర్ మీద, నాలుగైదు ఆప్షన్లలో ఒకటి పెట్టడమే. జేఈఈలా నెగెటివ్ మార్కులు లేవు. స్కోరు 20 నుంచి 80 వరకు ఇస్తారు, 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు. గమనించండి, సిఫారసు మాత్రమే. ఇవ్వాలా వద్దా అనేది ఆ కాలేజీ ఇష్టం. ఫెయిలైతే మూడు నెలలు ఆగి మళ్లీ రాయాలి. ఏపీ అయితే ఏడాదికి ఒక్కసారి మే నెలలో, ఇది మాత్రం సెంటర్లో సీటు దొరికిన ఏ రోజైనా రాయొచ్చు.

బ్యాచిలర్స్‌కి 120 క్రెడిట్లు కావాలి. మామూలు యూనివర్సిటీలు ఇలాంటి పరీక్షల క్రెడిట్లు కొన్ని తీసుకుని, మిగతాది మా దగ్గరే కూర్చుని చదవాలంటాయి. దాదాపు మొత్తం బయటి నుంచే తెచ్చుకున్నా ఒప్పుకునేవి మూడు పేర్లు వినిపిస్తాయి: న్యూజెర్సీలో థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, కనెక్టికట్‌లో చార్టర్ ఓక్ స్టేట్ కాలేజ్, న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్ యూనివర్సిటీ. నేను చేరింది ఈ మూడింట్లో ఒకదాంట్లో, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్.

ఈ పేర్లు చెప్పగానే న్యూజెర్సీలో ఉండే మా బాబాయ్ ఫోన్లోనే, "ఏమ్మా, ఇది ఆ ఫార్మింగ్టన్ లాంటిది కాదు కదా?" అన్నాడు. ఆయన భయంలో తప్పేం లేదు. 2019లో ఆ ఫేక్ యూనివర్సిటీ వలలో పడ్డవాళ్లలో మన తెలుగువాళ్లే ఎంతమందో, అంతకుముందు 2011లో ట్రై వ్యాలీ అనే ఇంకో బోగస్ యూనివర్సిటీ గోల. పేరు వినని కాలేజీ అనగానే మనవాళ్లకు గుండె జారుతుంది. చూడాల్సింది అక్రిడిటేషన్, అంటే కాలేజీ ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు. ఎడిసన్, ఎక్సెల్సియర్‌లకు మిడిల్ స్టేట్స్ కమిషన్‌ది ఉంది, చార్టర్ ఓక్‌కి న్యూ ఇంగ్లాండ్ కమిషన్‌ది. ప్రిన్స్‌టన్‌కి ఉన్నది కూడా ఆ మిడిల్ స్టేట్స్‌దే. ఎడిసన్, చార్టర్ ఓక్ రెండూ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలు. ఇవన్నీ చూపించాక గానీ బాబాయ్ నెమ్మదించలేదు.

ఆ తర్వాత నాన్న ఎక్సెల్ షీట్ తెరిచాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ షీటే. కాలేజీ కేటలాగ్‌లో బిజినెస్ డిగ్రీకి ఏమేం కావాలో వరసగా ఒక్కో లైన్‌లో రాసి, పక్కన ఆ గడిని ఏ పరీక్షతో నింపొచ్చో, దాని పక్కన అది లోయర్ లెవెలా అప్పర్ లెవెలా, చివర్లో ఖర్చు. మేం ఇద్దరం రాత్రి భోజనాలయ్యాక కూర్చుని నింపేవాళ్లం, అమ్మేమో ఈ లెక్కలు చూసి చిట్టీ పాటలా ఉందని నవ్వేది. నింపుతుంటే తెలిసిందేమిటంటే, క్లెప్‌తో వచ్చేవి దాదాపు అన్నీ లోయర్ లెవెల్ క్రెడిట్లే, అంటే మొదటి రెండేళ్ల స్థాయివి. సైకాలజీ, సోషియాలజీ, అమెరికన్ గవర్నమెంట్, హిస్టరీ ఒకటి రెండు భాగాలు అంటూ వరసపెట్టి రాస్తే ఎలక్టివ్ గడులు (మనకు నచ్చిన సబ్జెక్టులతో నింపుకునేవి) చూస్తుండగానే నిండిపోతాయి, ఆ తర్వాత రాసిన ప్రతి పరీక్షా ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల జాబితా) మీద అందానికే. డిగ్రీ ఆగేది అప్పర్ లెవెల్ దగ్గర. అందుకే పిల్లలు ఉత్సాహంగా పరీక్షలు బుక్ చేస్తామంటే నేను ముందు షీట్ చూపించమంటాను.

బిజినెస్ తీసుకోవడానికి కారణం కూడా అదే, ఆ మేజర్‌కి క్లెప్‌లో సరుకు ఎక్కువ. ఫైనాన్షియల్ అకౌంటింగ్, బిజినెస్ లా, మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, మైక్రో, మాక్రో ఎకనామిక్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అన్నిటికీ పరీక్షలున్నాయి. ఇంజనీరింగ్ చేయాలనుకునేవాళ్లకు ఈ దారి పనికిరాదు, ముందే చెప్తున్నా.

ఖర్చు సంగతి. ఒక్కో పరీక్ష ఫీజు వంద డాలర్లలోపు, పైన సెంటర్ ఫీజు వేరే. మోడర్న్ స్టేట్స్ అని ఒక సంస్థ ఉంది, వాళ్ల ఆన్‌లైన్ కోర్సు ఉచితం, అది పూర్తి చేసి క్విజ్‌లు రాస్తే పరీక్ష ఫీజుకి వోచర్ ఇస్తారు. నేను చాలా పరీక్షలు ఆ వోచర్లతోనే రాశాను. వాళ్ల వీడియోలు ఒక్కటే చూసి పరీక్షకు వెళ్లొచ్చా అంటే, మార్కెటింగ్, మేనేజ్‌మెంట్ లాంటి వాటికి సరిపోవచ్చు, అకౌంటింగ్‌కి మాత్రం చాలదు. దానికి లైబ్రరీ నుంచి పాత టెక్స్ట్‌బుక్ తెచ్చుకుని డెబిట్, క్రెడిట్ చేత్తో రాసి రాసి నేర్చుకున్నాను.

ఒక కిటుకు. స్కూల్లో ఏ సబ్జెక్ట్ నడుస్తుంటే దానికి సంబంధించిన క్లెప్ ఆ ఏడాది చివర్లోనే రాసేయండి. శాతవాహనులు, కాకతీయుల మధ్య పెరిగిన నాకు అమెరికా అంతర్యుద్ధం, న్యూ డీల్ అంటే మొదట్లో ఒక్క ముక్కా ఎక్కేది కాదు. పదకొండో గ్రేడ్‌లో స్కూల్ క్లాసు కోసం ఎలాగూ చదవాల్సి వచ్చింది కాబట్టి, ఆ వేడి మీదే రెండు హిస్టరీ పరీక్షలూ అయిపోయాయి. స్పానిష్ కూడా అంతే. స్కూల్లో స్పానిష్ చదివే పిల్లలు దీన్ని అసలు వదలకూడదు, 50 వస్తే 6 క్రెడిట్లు, 63 వస్తే 9 సిఫారసు చేస్తారు. కాలేజ్ కాంపోజిషన్ మాత్రం వేరే రకం, దాంట్లో రెండు వ్యాసాలు టైప్ చేయాలి, రెండోది వాళ్లిచ్చిన రెండు పాఠాలను ఆధారంగా తీసుకుని రాయాలి, స్కోరు కూడా అప్పటికప్పుడు తెరమీద రాదు. మిగతా చాలావాటికి అక్కడే కనిపించేస్తుంది. ఆ ఆఖరి బటన్ నొక్కాక స్కోరు వచ్చేలోపు పడే టెన్షన్ మాత్రం ఎన్ని పరీక్షలు రాసినా తగ్గలేదు.

ఇక మన పేర్ల గోల. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో దాదాపు అందరికీ ఈ తంటా ఉంటుంది. నా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ దగ్గర ఇంటిపేరు పూర్తిగా ఉంది, గివెన్ నేమ్ దగ్గర రెండు పదాలున్నాయి. స్కూల్ రికార్డులో మాత్రం రెండో పదం లేదు, కాలేజ్ బోర్డ్ అకౌంట్‌కి వెళ్లిందీ స్కూల్ పేరే. డ్రైవింగ్ లైసెన్స్ అప్పటికి లేదు. ఒక కాలేజీ టెస్టింగ్ సెంటర్లో (పేరు ఎందుకులెండి) డెస్క్ దగ్గరున్న ఆవిడ నా పాస్‌పోర్ట్ తెరిచి, టికెట్ ప్రింట్ పక్కన పెట్టి, పెన్ను మొనతో ఒక్కో అక్షరం మీదా నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి ఆ రెండో పదం దగ్గర ఆగిపోయింది. ఆవిడ పైవాళ్లని పిలిచింది, వాళ్లు ఇంకెవరికో ఫోన్ చేశారు, బయట కార్లో అమ్మ ఎదురుచూపులు, లోపల నేను ఇది మా అమ్మానాన్నలు పెట్టిన పేరేనండీ అని బతిమాలడం. రాయనివ్వలేదు. సెంటర్ ఫీజు పోయింది. తర్వాత కాలేజ్ బోర్డ్ వాళ్లకి పాస్‌పోర్ట్ కాపీ పంపి పేరు సరిచేయించాక ఆ గొడవ మళ్లీ రాలేదు. అందుకని మీరు మొదటి పరీక్ష బుక్ చేయకముందే పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అకౌంట్‌లో అలాగే ఉందో లేదో చూసుకోండి.

నాకు బాగా నచ్చిన పరీక్ష గురించి కూడా చెప్పాలి. క్లెప్‌లో తెలుగు లేదు, భాషల్లో స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ మాత్రమే. కానీ ఆక్ట్‌ఫుల్ (ACTFL) అనే భాషా బోధన సంస్థ వాళ్ల ఓపీఐ అని మౌఖిక పరీక్ష ఉంది, అందులో తెలుగు ఉంది, వచ్చిన రేటింగ్‌ని బట్టి దానికీ కాలేజీ క్రెడిట్ సిఫారసు ఉంది. ఫోన్లో ఒక టెస్టర్ మనతో అరగంట లోపు మాట్లాడతారు, అదంతా రికార్డవుతుంది. తెలుగే కదా అని ధీమాగా ఉంటే కుదరదు. ఇంట్లో మనం మాట్లాడేది సగం ఇంగ్లీషే. అందుకని రోజూ ఖమ్మంలో ఉన్న అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, ఆ రోజు స్కూల్లో ఏం జరిగిందో తెలుగులో మొదటి నుంచి చివరిదాకా చెప్పడం మొదలుపెట్టాను. పరీక్షలో టెస్టర్ గారు మీ ఊరి గురించి చెప్పండి అనగానే ఖిల్లా, మున్నేరు అంటూ హుషారుగా మొదలుపెట్టా. అక్కడితో వదల్లేదు. మీ ఊళ్లో చిన్నప్పటికీ ఇప్పటికీ ఏం మారింది, ఎందుకు మారింది, అదే మారకపోయి ఉంటే ఎలా ఉండేది అంటూ ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పోయారు. 'ఉండేది', 'అయ్యుండేది' అని వాక్యాలు కట్టడంలో చెమటలు పట్టాయి. అడ్వాన్స్‌డ్ రేటింగ్ వచ్చింది. నాకన్నా అమ్మమ్మ ఎక్కువ సంతోషపడింది.

అప్పర్ లెవెల్ గడులకి క్లెప్ లాంటివే డీఎస్ఎస్‌టీ అనే పరీక్షలు కొన్ని పనికొచ్చాయి, మిగతావి స్టడీ డాట్ కామ్‌లో నెలనెలా డబ్బు కట్టి చేసిన కోర్సులు. వాటికి అసైన్‌మెంట్లు, చివర్లో కెమెరా పెట్టుకుని రాసే పరీక్ష ఉంటాయి. పన్నెండో గ్రేడ్‌లో స్కూల్ ద్వారా కమ్యూనిటీ కాలేజీలో డ్యుయల్ క్రెడిట్ క్లాసులు (హైస్కూల్‌కీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చేవి) కూడా తీసుకున్నాను, దానికి కారణం వేరు. భాషల పరీక్షలు తప్పిస్తే క్లెప్‌లో 50 వచ్చినా 75 వచ్చినా క్రెడిట్ ఒకటే, గ్రేడ్ ఉండదు, జీపీఏలో (గ్రేడుల సగటులో) కలవదు. రేపు మాస్టర్స్‌కి అప్లై చేస్తే జీపీఏ ఎక్కడ చూపిస్తాం? ఆ కొద్దిపాటి గ్రేడ్ ఉన్న కోర్సుల మీదే మొత్తం నిలబడుతుంది. అందుకని వాటిలో 'ఏ' గ్రేడ్ తెచ్చుకోవడానికి మాత్రం ప్రాణం పెట్టి చదివాను.

హైస్కూల్ డిప్లొమా చేతికొచ్చాక బ్యాచిలర్స్‌లో చేరి, అన్ని ట్రాన్స్‌క్రిప్టులూ పంపించాను. చివర్లో క్యాప్‌స్టోన్ కోర్సు మాత్రం తప్పనిసరిగా వాళ్ల దగ్గరే చేయాలి. పరీక్షలకు అలవాటుపడ్డవాళ్లకు అది వేరే లోకం, వారం వారం డిస్కషన్లు, ఒక కంపెనీని తీసుకుని విశ్లేషించే పెద్ద పేపర్, సైటేషన్లు. తోటి విద్యార్థులందరూ ఉద్యోగాలు చేస్తూ చదువుకునే పెద్దవాళ్లు. ఒకాయన తన మనవరాలిది నా వయసేనన్నాడు.

ఇప్పుడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఒక స్టేట్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాను. అడ్మిషన్ అప్పుడు ఒక యూనివర్సిటీ వాళ్లు అకౌంటింగ్ కోర్సు సిలబస్ పంపమన్నారు. పరీక్షకు సిలబస్ ఎక్కడిది? కాలేజ్ బోర్డ్ ప్రచురించిన పరీక్ష వివరణ పంపిస్తే ఒప్పుకున్నారు. అన్నిచోట్లా ఒప్పుకోరు. మెడిసిన్ వైపు వెళ్లాలనుకునే పిల్లలు సైన్స్ సబ్జెక్టులకు ఇలాంటి క్రెడిట్ వాడొద్దు, చాలా మెడికల్ స్కూళ్లు కాలేజీలో ల్యాబ్‌తో చదివిందే కావాలంటాయి. హార్వర్డ్, ఎంఐటీ లాంటివి క్లెప్‌ని అసలు పట్టించుకోవు. ఇండియా తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఈక్వివలెన్స్ సంగతి, అంటే ఈ డిగ్రీని అక్కడి డిగ్రీతో సమానంగా గుర్తిస్తారో లేదో, ముందే కనుక్కోండి.

ఫార్మింగ్టన్ అని భయపడ్డ బాబాయే మొన్న ఫోన్ చేసి, మా చిన్నదానికి కూడా అలాగే మొత్తం చేయించేద్దామా అన్నాడు. వద్దన్నాను. అది ఇక్కడే పుట్టింది, సిటిజన్. దానికి పెల్ గ్రాంట్‌కి (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ ప్రభుత్వ సాయం) అప్లై చేసుకునే అర్హత ఉంది, అది మొదటి బ్యాచిలర్స్ పూర్తయ్యేదాకే ఇస్తారు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాది విద్యార్థిగా) చేరడం కుదరదు, ఫ్రెష్‌మన్ స్కాలర్‌షిప్పులన్నీ పోతాయి. ఇరవై ఒకటి నిండుతుందన్న తొందరా దానికి లేదు. నాలుగైదు జనరల్ ఎడ్యుకేషన్ పరీక్షలు చాలు బాబాయ్, ముందు అది ఏ కాలేజీలకు అప్లై చేస్తుందో రాసి పంపు, వాటి క్లెప్ పాలసీలు చూసి ఏవి రాయాలో నేను చెప్తానన్నాను. లిస్ట్ ఇంకా పంపలేదు.